మైకులో చెప్పని పేరు

ఒక పేరు ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడలేదు. బయటికీ రాలేదు. చెప్పాల్సిన రోజున, చెప్పాల్సిన చోట, చేతిలో మైకు ఉండి కూడా చెప్పలేదు. ఇప్పుడు మైకు లేని చోట, మీరెవరో నాకు తెలియకుండా, నేనెవరో మీకు తెలియనివ్వకుండా చెబుతున్నాను. ఇదీ ఒక రకం పిరికితనమే. నాకు తెలుసు. అయినా వినండి.

నేను కర్నూల్లో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి బతికినదాన్ని. పాఠాల కంటే నా గొంతుకే పేరు ఎక్కువ. ఊళ్లో ఏ సభ జరిగినా, ఎవరికి సన్మానం చేసినా మైకు తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు. ఆమె మాట తడబడదు, ఎవరి పేరూ తప్పు చదవదు అని చెప్పుకునేవాళ్లు. వాళ్లు చెప్పుకున్నది చాలక నేనూ చెప్పుకునేదాన్ని.

ఆ ఏడాది మా వైపు ఆడపిల్లల ఫుట్‌బాల్ కప్పు పెట్టారు. పత్తికొండ, బనగానపల్లె, వేంపల్లె, ఇంకా చుట్టుపక్కల ఊళ్ల జట్లు. ఒక్క ఆట ఓడితే ఇంటికి పోవడమే, రెండో అవకాశం లేదు. మొదటి ఆట నుంచి కడపలో జరిగిన ఫైనల్ దాకా మైకు నాదే.

ఆ పోటీల గురించి ఇప్పుడు ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆట కంటే శాలువాలు ఎక్కువసేపు జరిగాయి. గడ్డిపరక లేని మైదానంలో పిల్లలు ఎండకు వరసగా నిలబడి ఉంటే, షామియానా నీడలో కూర్చున్న పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆడపిల్లల ధైర్యం గురించి మాట్లాడేవాళ్లు. ఒకాయన అదే ముక్క మూడు ఆటల్లో మూడుసార్లు చెప్పాడు. పిల్లలు చెమట తుడుచుకుంటూ చప్పట్లు కొట్టేవాళ్లు. ఆ ఉపన్యాసాలు సగం నేను రాసిచ్చినవే కాబట్టి ఎవరినీ అనడానికి నాకు నోరు లేదు.

పత్తికొండ జట్టుకు జెర్సీలు ఇచ్చింది ఒక మామిడికాయల వ్యాపారి. ముందు వైపు ఛాతీ నిండా ఆయన పేరు, ఆయన మండీ పేరు. వెనక నంబరు. ఆడేది పదకొండు మందే కదా అని సరిగ్గా పదకొండే కుట్టించాడు. బెంచీ మీద ఇంకొందరు పిల్లలు కూర్చుంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు. అందుకని ఆ పిల్లలు తమకు తామే ఒక పద్ధతి పెట్టుకున్నారు. బయటికి వచ్చే పిల్ల టీషర్టు మీద తొడుక్కున్న జెర్సీ విప్పి, లోపలికి పోయే పిల్లకు ఇచ్చేది. చెమటకు తడిసిన ఆ జెర్సీనే ఆ పిల్ల తొడుక్కుని పరిగెత్తేది. మనిషి మారేది, నంబరు మారేది కాదు. ఎవరు బయటికి వచ్చారో, ఎవరు లోపలికి పోయారో మైకులో చెప్పడం నా పని. నేను చెప్పకపోతే చూసేవాళ్లకు తెలిసే దారే లేదు.

తొమ్మిదో నంబరు హారికది. అందరికీ తెలిసిన పిల్ల, బాగా ఆడే పిల్ల. నాగవేణి బెంచీ మీది పిల్ల. సన్నగా, నల్లగా, ఎవరైనా పిలిస్తే తప్ప మాట్లాడేది కాదు. వాళ్లమ్మ పత్తికొండ టమాటా మార్కెట్లో కాయలు ఏరే పనికి పోయేది. సెమీఫైనల్‌కు ముందు ఆ జట్టు వ్యాయామం టీచరు నాతో టీ తాగుతూ ఈ పిల్ల సంగతి చెప్పింది. చదువు మాన్పించి తనతోపాటు మార్కెట్‌కు తీసుకుపోవాలని తల్లి చూస్తోందట. స్పోర్ట్స్ హాస్టల్‌కు పిల్లల్ని ఎంపిక చేసే ఆయన సెమీఫైనల్‌కు వస్తున్నాడు. ఆ హాస్టల్లో సీటు దొరికితే తిండీ చదువూ ఆటా అన్నీ అక్కడే. అట్లయితే పంపుతాను, కానీ ఒకసారి నా కళ్లతో చూస్తాను, పిల్ల దేనికైనా పనికొస్తుందో లేదో అన్నదట తల్లి.

కాబట్టి నాకు తెలియదని అనడానికి లేదు. అంతా తెలిసే చేశాను.

సెమీఫైనల్ కర్నూల్లోనే. పత్తికొండకూ వేంపల్లెకూ. ఆ రోజు గాలి. ఎర్రటి దుమ్ము లేచి కళ్లలో పడుతుంటే మైదానం అవతలి కొస కనబడడం లేదు. ఆట మొదలవకముందే నా నోట రెండు తప్పులు దొర్లాయి. ఒకసారి పత్తికొండ బదులు బనగానపల్లె అన్నాను. రెండోసారి జెర్సీలిచ్చిన వ్యాపారి ఇంటిపేరు తప్పు చదివాను. ఆయన మనుషులు ఇద్దరు స్టేజీ ఎక్కి నా ముందు నిలబడ్డారు. నేను క్షమాపణ చెప్పి, ఆయన పేరు ముందొక బిరుదూ వెనకొక బిరుదూ తగిలించి మళ్లీ చదివాను. వెనక ఎవరో నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ చిరాకులోనే ఒక ఆడమనిషి మైదానం గీత దాటి వస్తూ కనబడింది. ఎర్ర చీర. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని పిల్లల్లోకి చూస్తోంది. ఎర్ర చీర అమ్మగారూ, గీత దాటకూడదు, వెనక్కి పోండి అని మైకులో గట్టిగా అన్నాను. మైదానమంతా ఆమె వైపు చూసింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, దూరంగా కాంపౌండు గోడ దగ్గర నిలబడింది. ఆమె ఎవరో అప్పటికి నాకు తెలియదు. ఆ ఒక్కటి మాత్రం నిజంగా తెలియదు.

రెండో సగంలో హారికకు పిక్క పట్టేసింది. కుంటుకుంటూ బయటికి వచ్చి జెర్సీ విప్పి నాగవేణికి ఇచ్చింది. ఇదంతా నా బల్ల ముందే జరిగింది. సరిగ్గా అప్పుడే వ్యాపారి మనుషులు నాకొక కాగితం అందించారు. ఆయన గతంలో కట్టించిన నీళ్ల తొట్లు, వేయించిన బెంచీలు, అన్నీ చదవాలట. చదివాను. తొట్లూ బెంచీలూ పూర్తయ్యేసరికి నాగవేణి లోపలికి పోయి ఆడుతోంది. పిల్ల మారిందన్న మాట చెప్పడం మర్చిపోయాను. ఆ పిల్ల విషయంలో నా మొదటి తప్పు అది. అది మరుపే. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు.

కాసేపటికి వేంపల్లె గోలు ముందు పిల్లలంతా గుంపుగా పడ్డారు. దుమ్ము లేచింది. అందులోంచి తొమ్మిదో నంబరు ఒక్కటి బయటపడి, బంతిని ఎడమ కాలితో లోపలికి కొట్టింది. నేను లేచి నిలబడి అరిచాను. తొమ్మిదో నంబరు, హారిక, పత్తికొండ ఆడబిడ్డ హారిక అని గొంతు చించుకున్నాను. జనం కూడా హారికా హారికా అన్నారు. అరుస్తూనే పక్కకు తిరిగి చూశాను. హారిక నాకు నాలుగడుగుల దూరంలో నీళ్ల డ్రమ్ము పక్కన టీషర్టుతో కూర్చుని, పిక్క నొక్కుకుంటూ నా వైపే చూస్తోంది.

ఒక్క మాట చాలు. పొరపాటు, గోలు నాగవేణిది అంటే అయిపోయేది. ఎందుకు అనలేదు? అప్పటికే రెండుసార్లు సరిదిద్దుకున్నాను, మూడోసారి కూడానా అనుకున్నాను. నవ్వినవాళ్లు మళ్లీ నవ్వుతారని అనుకున్నాను. వ్యాపారి ఇంటిపేరు తప్పు చదివితే చేతులు జోడించి సరిదిద్దినదాన్ని, ఒక పిల్ల పేరే మార్చేసి సరిదిద్దకుండా ఊరుకున్నాను. ఆయన మనుషులు స్టేజీ ఎక్కారు కాబట్టి. ఆ పిల్ల తరఫున స్టేజీ ఎక్కేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి. ఇన్నేళ్లు తిప్పి తిప్పి చూసుకున్నా నాకు ఇంతకంటే మర్యాదైన కారణం దొరకలేదు.

ఆట అదే ఒక్క గోలుతో ముగిసింది. పత్తికొండ గెలిచింది. జనం లేస్తుండగా నాగవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది. మోకాలు గీరుకుపోయి ఉంది.

"మేడమ్, ఆ గోలు నేను ఏసిండేది" అంది.

నేను కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయాను.

"హారికక్క అప్పుడు ఈడే కూచోని ఉండె. మీరూ సూసినారు గదా. ఒక్క తూరి మైకులో చెప్పండి మేడమ్. మాయమ్మ ఆ గోడకాడ నిలబడి ఉండాది. దుమ్ములో ఆయమ్మకు నేను కనబడల్యా. మీరు చెప్తే ఇనబడ్తాది."

నేను తలెత్తి గోడ వైపు చూశాను. ఎర్ర చీర.

"గోలు ఎవరు వేస్తే ఏముందమ్మా? జట్టు గెలిచింది కదా. ఆటలో నీదీ నాదీ అని ఉండకూడదు" అన్నాను.

ఆ పిల్ల "సరే మేడమ్" అని పోయింది. నేను అంతటితో ఊరుకున్నానా? లేదు. మైకు అందుకుని ఫుట్‌బాల్ ఒకరి ఆట కాదు, పదకొండు మంది ఆట అని రెండు నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేనే పట్టుకుని కొట్టాలనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. ఇది చెప్పకుండా దాటేద్దామని ఇక్కడిదాకా చూశాను. హాస్టల్ తరఫున వచ్చినాయన గోలు పడే సమయానికి మజ్జిగ గ్లాసు అందుకుంటూ తల తిప్పుకుని ఉన్నాడట. నాగవేణి వెళ్లిన కాసేపటికి నా దగ్గరికి వచ్చి, మీరు సరిగ్గా చూశారు కదా మేడమ్, గోలు కొట్టింది ఎవరు అని అడిగాడు. అప్పుడు మైకు లేదు, జనం లేరు, నవ్వేవాళ్లు ఎవరూ లేరు. ఆయన ఒక్కడే. హారిక అని చెప్పాను.

ఫోటోకు పిలిచినప్పుడు నాగవేణి జెర్సీ విప్పి హారికకు తిరిగి ఇచ్చేసింది. పదకొండు జెర్సీలు, పదకొండు మంది, నడుమ వ్యాపారి. నాగవేణి గోడ దగ్గరికి నడిచిపోతూ కనబడింది.

ఆ జట్టు నుంచి హాస్టల్‌కు ఒక్కరినే తీసుకున్నారు. హారికను. ఆమె ఎలాగూ బాగా ఆడే పిల్లే, ఆ గోలు లేకపోయినా ఆమెకే వచ్చేదేమో అని నాకు నేను ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో. వచ్చేదేమో. అది తేలాల్సింది మైదానంలో, నా నోట్లో కాదు కదా. నాగవేణిని తల్లి కడప ఫైనల్‌కు పంపలేదు. ఓడినవాళ్లు ఇంటికి పోవాలన్నది ఆ పోటీ నియమం. నాగవేణి గెలిచి ఇంటికి పోయింది. చదువు కూడా మాన్పించారని వ్యాయామం టీచరు తర్వాత చెప్పింది. ఇంకో ఏడాదికి ఆస్పరి వైపు ఎవరికో ఇచ్చి పెళ్లి చేశారట. మళ్లీ అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఒకసారి మాత్రం పత్తికొండ పోయాను. తల్లినైనా చూసి చెబుదామని. టమాటా మార్కెట్లో ఆడవాళ్లు కుప్పల చుట్టూ కూర్చుని చకచకా కాయలు ఏరుతున్నారు. ఎవరిని అడగాలి? ఏమని అడగాలి? ఒకామె తలెత్తి "ఏం కావల్లమ్మా?" అంది. టమాటాలు అన్నాను. రెండు సంచుల నిండా కొనుక్కుని బస్సెక్కి వచ్చేశాను. ఇన్ని ఏం చేసుకోవాలని ఇంట్లో అడిగితే పచ్చడి పెట్టమన్నాను. ఇదీ నా ప్రాయశ్చిత్తం. ఆ పచ్చడి ఇంట్లోవాళ్లు ఏడాదంతా తిన్నారు.

మర్చిపోదామంటే మర్చిపోనివ్వరు. ఆ గోలును ఎవడో ఫోనులో తీశాడు. అందులో మనిషి కనబడదు. దుమ్మూ, ఆ దుమ్ము మీద నా గొంతూ, అంతే. ప్రతి మహిళా దినోత్సవానికీ ఆ వీడియో నా ఫోనుకే వస్తుంది, పువ్వుల బొమ్మలతో, దండాల బొమ్మలతో. ఏం గొంతు మేడమ్ మీది అంటారు. ఆ దుమ్ములో ఉన్నది ఎవరో ఒక్కరూ అడగరు. నా గొంతు చెప్పింది కదా, ఇంక అడగడం ఎందుకు?

ఈ ఏడాది ఆ కప్పు మళ్లీ మొదలుపెడుతున్నారు. హారిక ఇప్పుడు ఒక బడిలో వ్యాయామం టీచరు. తన పిల్లల జట్టును తెస్తోంది. మైకు నాదేనట. ఆరంభసభలో ఆ వీడియో పెద్ద తెర మీద వేసి నాకు శాలువా కప్పుతారట. హారికే ఫోన్ చేసి చెప్పింది. చెప్పాక వెంటనే ఫోన్ పెట్టెయ్యలేదు. ఆ రోజు డ్రమ్ము పక్కన కూర్చుని నన్ను చూసిన పిల్ల, తనకు తెలుసని నాకు తెలిసిన పిల్ల, తనంతట తను ఎత్తుతుందేమోనని నేను ఎదురుచూశాను. నేను ఎత్తుతానని తనూ ఎదురుచూసిందేమో. చివరికి, ఆరోగ్యం జాగ్రత్త మేడమ్ అని పెట్టేసింది.

పోతానో పోనో తెలియదు. పోతే ఆ మైకులో నిజం చెప్పగలనో లేదో కూడా తెలియదు. నాకు నా మీద అంత నమ్మకం లేదు. మీరు క్షమిస్తారని ఇదంతా చెప్పలేదు. క్షమించడానికి మీరెవరు, అడగడానికి నేనెవరు? కానీ ఆ రోజు ఒక్క ఊపిరిలో అయిపోవాల్సిన పనిని, ఇన్నేళ్లకైనా, కనీసం ఇక్కడ పూర్తిచేస్తాను. గొంతులో ఉన్నది బయటపడితే నాకు కొంచెం ఊపిరి ఆడుతుంది. ఆ పిల్లకు దీనివల్ల ఏమీ రాదు.

శ్రద్ధగా వినండి. ఇంతకుముందు చెప్పిన పేరు తప్పు. హారిక బయటికి వచ్చింది. ఆమె జెర్సీ తొడుక్కుని లోపలికి పోయినది నాగవేణి. గోలు నాగవేణిది. గోడ దగ్గర నిలబడిన ఎర్ర చీర అమ్మగారూ, గీత దాటి ముందుకు రండి. గోలు మీ అమ్మాయి వేసింది.