అత్తగారు ఎత్తిన ఫోను

మా అత్తగారు పోయారన్న కబురు పోయిన నెల ఒక మధ్యాహ్నం, నేను ఆఫీసులో ఉండగా వచ్చింది. ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "అమ్మ..." అని ఆగిపోయారు. ఆ అమ్మ ఆయన్ను కన్న తల్లి కాదు. నా మొదటి భర్తను కన్న తల్లి. ఆవిడ గురించి మీకు చెప్పుకోవాలని ఉంది.

అప్పట్లో మాది కలిదిండి దగ్గర పల్లెటూరు. నా మొదటి భర్తకి రొయ్యల చెరువు ఉండేది. దేనికీ జంకని మనిషి. ఒక వానరోజు రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్ ఆగిపోతే, కరెంటు తీయకుండానే నీళ్ళలో దిగి మోటారు ముట్టుకున్నారు. మనిషి మరి లేవలేదు. చెరువు వదిలేసి అత్తగారూ నేనూ ఏలూరులో అద్దెకు దిగాం. నాకు ఆఫీసులో ఉద్యోగం దొరికింది. స్విచ్ వేయబోయే ముందు, చేతులు పొడిగా ఉన్నా సరే, ఆవిడ కొంగుతో తుడుచుకునేవారు. నన్నూ తుడుచుకోమనేవారు.

నలభయ్యో ఏడు దగ్గరపడుతుండగా నాకొకరు పరిచయమయ్యారు. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబు చూసేవారు, పెళ్ళి కాలేదు. ఏదో సర్టిఫికెట్ పని మీద మా ఆఫీసుకి వచ్చి, పనయ్యాక కూడా రావడం మొదలుపెట్టారు. ఆయన నవ్వితే నాకు బావుండేది. ఆ బావుండటమే భయపెట్టింది. ఒక సాయంత్రం వస్తానన్న మనిషి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. రైలు ఎక్కడో ఆగిపోయిందట, ఫోన్లో చార్జింగ్ అయిపోయిందట. అది తెలిసేలోపు చెరువు గట్టు మీద మూగిన జనమే కళ్ళ ముందు కనిపించారు. ఆ రాత్రి అత్తగారికి అంతా చెప్పుకున్నాను. మర్నాటి నుంచి ఆయన ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను.

అత్తగారు ఎత్తారు. నేను వంటింట్లోంచి విన్నాను.

"ఏవండీ, నేను వాళ్ళత్తగారినండీ. మా అమ్మాయి భయపడుతోందండీ. ఆదివారం ఓసారి ఇంటికి రండి."

వచ్చారు. ఆవిడ కాఫీ ఇచ్చి ఎదురుగా కూచున్నారు.

"మీకు భయం లేదా బాబూ?"

"చాలా ఉందండీ. ఇందాక మీ వీధి దాకా వచ్చి వెనక్కి తిరిగాను కూడా."

"భయం లేని కొడుకుని కన్నానండీ," అన్నారు ఆవిడ. "భయపడే మనిషైతే ఇంటికి తిరిగొస్తాడు."

ఆయన వెళ్ళాక, "మీకు కష్టంగా లేదా అత్తయ్యా?" అన్నాను.

"ఎందుకుండదూ? నువ్వెళ్ళిపోతే నేనెక్కడుండాలో తెలీక నిద్ర పట్టట్లేదు. అలాగని నిన్ను కట్టేసుకుని కూర్చోనా?"

రిజిస్టర్ పెళ్ళిలో సంతకం పెట్టబోతే నా చెయ్యి ఆడలేదు. వెనక నిలబడ్డ అత్తగారు వీపు మీద చెయ్యి వేశారు. అప్పుడు పెట్టాను. ఆ రోజే ఆవిడ కైకలూరులో చెల్లెలింటికి వెళ్ళిపోతానని సంచి సర్దుకున్నారు. మా ఆయన ఆ సంచి తీసుకెళ్ళి బీరువాలో పెట్టేశారు. "ఈవిడ బెంబేలు పడితే నేనొక్కణ్ణీ ఏం చెయ్యనండీ?" అన్నారు. ఆవిడ ఉండిపోయారు.

నా భయం పోలేదండీ. తోడు దొరికిందంతే. తాడేపల్లిగూడెం నుంచి ఆయన వచ్చే రైలుబండి ఆలస్యమైనప్పుడల్లా ఇద్దరం గుమ్మంలో నిలబడేవాళ్ళం. "వస్తాడులే" అనేవారు ఆవిడ, వీధి మీంచి చూపు తిప్పకుండా.

కర్మలన్నీ అయ్యాక నిన్ననే ఆయన మళ్ళీ కాలేజీకి వెళ్ళారు. సాయంత్రం బండి ఆలస్యం. నేనొక్కదాన్నే నిలబడ్డాను. తల వంచుకుని గబగబా వస్తున్న మనిషి, వీధి మలుపు తిరిగాక అలవాటుగా మా గుమ్మం వైపు చూశారు. చూసి, నడిరోడ్డు మీద అలాగే ఆగిపోయారు.