ఆటవిడుపు ఛానెల్ ఆఖరి ప్రసారం

మనిషి పోయేటప్పుడు నోట్లో తులసి తీర్థం పోస్తారు. మా ఛానెల్ పోయేటప్పుడు దాని నోట్లో నేను మట్టి కొట్టాను. అదీ చాటుగా కాదు, నరసరావుపేట నుంచి మాచర్ల దాకా జనం టీవీల ముందు కూర్చుని చూస్తుండగా కొట్టాను. ఎట్లా కొట్టానో చెబుతాను. నవ్వు వస్తే ఆపుకోకండి. మా పేటలో ఎవరూ ఆపుకోలేదు.

ఛానెల్ పేరు ఆటవిడుపు. పెట్టింది రామలింగం మాస్టారు. స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, రిటైరయ్యాక ఊరకే కూర్చోలేక, కేబుల్ వాళ్ళను బతిమాలి రోజుకు రెండు గంటల సమయం తీసుకున్నారు. ఎరువుల కొట్టు మీద రెండు గదులు మా స్టూడియో. కింద నుంచి వచ్చే ఘాటుకు, మా దగ్గర ఇంటర్వ్యూ ఇచ్చిన ఏ ఆటగాడూ తుమ్మకుండా మాట్లాడిన పాపాన పోలేదు. సిబ్బంది ముగ్గురం. మాస్టారు యజమాని. బాజీ భాయ్ కెమెరామన్, పెళ్ళిళ్ళ సీజన్ లేనప్పుడు మావాడు. మూడోవాణ్ణి నేను, ఆంజనేయులు. వ్యాఖ్యానం చెప్పేదీ, వార్తలు చదివేదీ, గది ఊడ్చేదీ నేనే. మూడింటిలో ఊడ్చడం బాగా చేసేవాడినని మాస్టారి అభిప్రాయం.

కబడ్డీ, వాలీబాల్, ఎడ్ల బండలాగుడు, స్కూలు పిల్లల పరుగు పందేలు, ఏది జరిగినా మేం ఉండేవాళ్ళం. మొదట్లో అన్ని ఊళ్ళకూ ఒకేసారి చూపించే వీలు లేదు. మా పేటలో వేసిన క్యాసెట్టును బస్సు కండక్టరు చేతికిస్తే మర్నాడు గురజాలలో వేసేవారు, మూడో రోజు మాచర్లలో. మా పేటలో ఎప్పుడో ఓడిపోయిన జట్టు గెలవాలని మాచర్లలో ఇంకా కొబ్బరికాయలు కొడుతూ ఉండేవారు. దేవుడు మాత్రం ఏం చేస్తాడు?

ఛానెల్ మొదలైన ఏడాదే పేట కాలేజీ గ్రౌండులో కబడ్డీ ఫైనల్ జరిగింది. బొల్లాపల్లి నుంచి వచ్చిన కోటయ్య అనే కుర్రాడు ఒక్క కూతలో ఐదుగురిని ఈడ్చుకుంటూ వచ్చి గీత తాకాడు. దుమ్ము తగ్గి చూస్తే ఐదుగురూ వాడి మీదే ఉన్నారు, వాడి వేలు మాత్రం గీత మీద ఉంది. ఆ క్యాసెట్టంటే మాస్టారికి ప్రాణం. దాని మీద మళ్ళీ ఏదీ రికార్డు కాకుండా వెనకనుండే చిన్న బిళ్ళను విరగ్గొట్టి, పెట్టె మీద ఎర్ర సిరాతో 'కోటయ్య' అని రాసి బీరువాలో పెట్టారు.

ఇప్పుడు నా సంగతి.

ఆ ఫైనల్ అయిన కొన్నేళ్ళకు నాకు ఇరవై మూడేళ్ళు వచ్చాయి. దేశంలో నన్ను మించిన వ్యాఖ్యాత లేడనీ, ఆ విషయం దేశానికింకా తెలియదనీ నా గట్టి నమ్మకం. పేరొచ్చాక అందరూ ఇంటర్వ్యూలకు వస్తారు కదా, ముందే సాధన చేద్దామని ఒక ఆదివారం మధ్యాహ్నం స్టూడియోలో కెమెరా పెట్టుకున్నాను. కొత్త క్యాసెట్లను బాజీ భాయ్ పెట్టెలో పెట్టి తాళం వేసుకుని పోయాడు. బీరువాలో చెయ్యి పెడితే ఒకటి తగిలింది. పెట్టె మీద పేరు చూశాను. చూశాను కాబట్టే చెబుతున్నాను, నాది పొరపాటు కాదు, పాపం. 'పాత మ్యాచే కదా, మళ్ళీ ఎవడు చూస్తాడు' అనుకున్నాను. బిళ్ళ విరిగిన చోట చిన్న ప్లాస్టరు ముక్క అంటిస్తే యంత్రం ఒప్పుకుంటుందని నాకు తెలుసు. అంటించాను. ఎర్ర బొత్తాం నొక్కాను. పని అయ్యాక ప్లాస్టరు పీకేసి, క్యాసెట్టును మళ్ళీ అదే పెట్టెలో పెట్టి, మర్చిపోయాను.

ఏళ్ళు గడిచాయి. కోటయ్య ఆట మానేసి సేద్యంలో పడ్డాడు. ఒక వానాకాలం, పత్తి చేలో ఉండగా పిడుగు పడి పోయాడు. ఇంటికి ఒక్కడే కొడుకు. మాస్టారు, బాజీ భాయ్, నేను బొల్లాపల్లి వెళ్ళి వచ్చాం. వాళ్ళమ్మ పున్నమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళను మంచినీళ్ళు తాగమని మాత్రం అంది.

తర్వాత కెమెరా ఫోన్లు వచ్చాయి. ఆట ఆడేవాళ్ళకంటే తీసేవాళ్ళు ఎక్కువయ్యారు. గ్రౌండు చుట్టూ నిలబడి ఎవడికి వాడు లైవ్ ఇస్తుంటే మా ఛానెల్ ఎవరికి కావాలి? పదహారేళ్ళు నడిచాక మాస్టారు ఒకరోజు మమ్మల్ని కూర్చోబెట్టి, "శనివారం సాయంత్రం ఆరింటికి ఆఖరి ప్రోగ్రాం. మన ఛానెల్ చరిత్ర మనమే చెప్పుకుందాం. పున్నమ్మను పిలిపించాను. కొడుకు ఆట ఆమె ఎన్నడూ చూళ్ళేదంట. కోటయ్య క్యాసెట్టు వేద్దాం" అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. వెన్నులో పిడుగు పడింది అనబోయాను, ఆ మాట వాడే అర్హత నాకు లేదు.

చేతులు కాలాక లోకులు ఆకులు పట్టుకుంటారు. నేను ఆకుల కోసం మాచర్లకు ఫోన్ చేశాను.

"బాబాయ్, మీ కేబుల్ ఆఫీసులో మన మొదటి కబడ్డీ ఫైనల్ కాపీ ఏమన్నా ఉందా?"

"కాపీ ఏందిరా? వేసిన క్యాసెట్టు వేసినట్టు కండక్టరు చేతిలో పెట్టి పంపేవాళ్ళం గదా. ఏం, మీది పోయిందా?"

"అబ్బే, లేదు బాబాయ్. ఊరికే అడిగా."

మాస్టారి దగ్గరికి వెళ్ళి నిజం చెప్పాలని మెట్ల దాకా మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ ఆయన ఆ క్యాసెట్టు గురించే ఎవరికో ఫోనులో మురిసిపోతూ చెబుతున్నారు. తిరిగొచ్చి ఇంకో దారి పట్టాను. బీరువాలో మరో పాత కబడ్డీ క్యాసెట్టు దొరికింది. అదే గ్రౌండు, అదే దుమ్ము, అదే నీలం బనియను. అందులోనూ ఒక బక్కపల్చటివాడు కూతకు వెళ్ళి ముగ్గుర్ని ఈడ్చుకొస్తాడు. ఆ దుమ్ములో ముగ్గురైతేనేం, ఐదుగురైతేనేం? కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేరంటారు. నేను ఏకంగా కుక్కకే ఈత నేర్పబోయాను.

శనివారం వచ్చింది. పున్నమ్మ జరీ అంచు తెల్లచీర కట్టుకుని, కూతురిని వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె పక్కన కూర్చున్నారు. ఛానెల్ చరిత్ర చెప్పి, గొంతు సవరించుకుని, "ఇప్పుడు మన కోటయ్య ఆట" అన్నారు. నేను క్యాసెట్టు పెట్టాను. అడుగున అక్షరాలు పారాయి: 'అమరుడైన కబడ్డీ వీరుడికి ఆటవిడుపు జోహార్లు'.

నా గొంతులోకి నేనే ఏడుపు తెచ్చుకుని, "అదిగో పిన్నీ, మీ కోటయ్య!" అన్నాను.

పున్నమ్మ ముందుకు వంగి చూసింది. "మావోడు కాదయ్యా."

"దుమ్ములో అట్లా కనిపిస్తుంది పిన్నీ."

"దుమ్ముంటే మాత్రం? నా కొడుకు నడక నాకు తెలవదా? ఈడెవడో వంకరకాళ్ళోడు."

మాస్టారు నా వైపు చూశారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ప్రేక్షకులు మాట్లాడటానికని లైవులోనే పెట్టిన ఫోను.

"హలో, శావల్యాపురం నించి గోవిందుని మాట్లాడతన్నా. ఆ టీవీలో ఆడతంది నేనే."

"నువ్వా?" అన్నారు మాస్టారు.

"నేనే మాస్టారూ. నేనెప్పుడు పోయానో కాస్త చెబుతారా? ఇక్కడ మా ఆవిడ ఎదురుగా నన్ను పెట్టుకుని టీవీ చూసి ఏడుస్తంది. మా అత్త వాళ్ళ ఊళ్ళో చూసి అప్పుడే బస్సెక్కిందంట. ఆమెకేం చెప్పమంటారు?"

"బతికే ఉన్నానని చెప్పు."

"నేను చెప్తే నమ్మదు మాస్టారూ. టీవీలో చెప్పాలంట!"

బాజీ భాయ్ కెమెరా వెనక నుంచి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మాస్టారు నవ్వలేదు. గోవిందు క్షేమంగా ఉన్నాడని ప్రేక్షకులకు చెప్పి, నాతో మెల్లగా, "ఒరేయ్ ఆంజనేయులూ, ఎర్ర సిరా పెట్టె తీసుకురా" అన్నారు.

"మాస్టారూ, అదీ..."

"తీసుకురా."

తెచ్చాను. బాజీ భాయ్ క్యాసెట్టు పెట్టాడు. తెర మీద రెండు ఖాళీ కుర్చీలు కనిపించాయి. చప్పుడు చేసుకుంటూ నేను వచ్చి, కండువా వేసుకుని ఎడమ కుర్చీలో కూర్చున్నాను.

"నమస్కారం. ప్రఖ్యాత వ్యాఖ్యాత ఆంజనేయులుగారూ, మీ విజయ రహస్యం ఏమిటి?"

లేచి, కండువా తీసి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కుడి కుర్చీలో కూర్చున్నాను.

"వినయమండీ. నాకున్నంత వినయం పల్నాడులో ఎవరికీ లేదు."

మళ్ళీ లేచాను. కండువా వేసుకున్నాను. కుర్చీ మారాను. "మీరు పనిచేసిన ఛానెల్ గురించి?"

కళ్ళద్దాలు. "పాపం, రామలింగం మాస్టారికి కబడ్డీ తప్ప లోకం తెలియదు. పాతకాలం మనిషి. నేను వదిలేస్తే ఆ ఛానెల్ ఆర్నెల్లు కూడా నడవదు."

స్టూడియోలో ఎవరూ తుమ్మలేదు కూడా. నేను క్యాసెట్టు ఆపబోయాను.

"ఆపొద్దు," అన్నారు మాస్టారు. "బాజీ, నువ్వు తీసింది చివర్లో ఏమన్నా మిగిలి ఉంటుందా?"

"ఉండొచ్చు సార్. అంజిగాడు క్యాసెట్టు నిండా మాట్లాడి ఉండకపోతే. కానీ ముందుకు తిప్పితే తెగుద్ది, పాత టేపు. దాని మానాన దాన్ని పోనివ్వాలి."

"పోనీ."

అట్లా, ఆటవిడుపు ఛానెల్ ఆఖరి ప్రసారంగా, నాతో నేను చేసుకున్న నలభై నిమిషాల ఇంటర్వ్యూ మొత్తం వెళ్ళింది. నా బాల్యం వెళ్ళింది. నాకు రాబోయే అవార్డుల జాబితా వెళ్ళింది. మధ్యలో ఒకసారి కళ్ళద్దాలు మర్చిపోయి కండువాతోనే జవాబు చెప్పి, నాకు నేనే క్షమాపణ చెప్పుకున్నదీ వెళ్ళింది. పున్నమ్మ కదలకుండా చూసింది. నేను తలుపు పక్కన నిలబడి, పిడుగులు మనుషులను ఎట్లా ఎంచుకుంటాయో, ఇంత తప్పుగా ఎందుకు ఎంచుకుంటాయో ఆలోచించాను.

తెరమీద నేను ప్రేక్షకులకు చెయ్యి ఊపుతుండగా బొమ్మ చెదిరింది. గీతలు పడ్డాయి. దుమ్ము కనిపించింది. ఆట అయిపోయింది, జనం వెళుతున్నారు. గీత పక్కన గొంతుక్కూర్చుని కోటయ్య తలమీద చెంబుతో నీళ్ళు పోసుకుంటున్నాడు. తలెత్తి కెమెరాలోకి చూశాడు.

"ఏంది బాజీ భాయ్, ఇంకా తీస్తన్నావా? ఆపు, సిగ్గేస్తంది."

అంతే. తెర నీలమైంది. పదకొండు సెకన్లు.

"సిగ్గంట," అంది పున్నమ్మ. "వాడికి సిగ్గంట!" అని ఒక్కసారి నవ్వి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బొల్లాపల్లిలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. కూతురు ఆమె భుజాలు పట్టుకుంది. బాజీ భాయ్ కెమెరా కట్టేశాడు. ఆటవిడుపు అయిపోయింది.

నేను మాస్టారి కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"నన్నేం అడుగుతావురా," అన్నారాయన. "ఆమెనడుగు."

ఆమె వైపు తిరిగాను. పున్నమ్మే కళ్ళు తుడుచుకుని అంది: "ఆటకి పోతే వాడెప్పుడూ ఆలీసెంగానే వచ్చేవోడు నాయనా. పొద్దుగూకేదాకా గడప కాడ కూచునేదాన్ని. ఇయ్యాల కూడా అట్టనే ఉండె." తర్వాత మెట్లు దిగబోతూ వెనక్కి తిరిగింది. "అయినా అంతసేపు మాట్టాడావు గదా, ఒక్క ముక్కన్నా పనికొచ్చేది లేదేందయ్యా?"

ఆ పదకొండు సెకన్లనూ బాజీ భాయ్ జాగ్రత్తగా ఆమె కూతురి ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. ఐదుగురినీ ఈడ్చుకొచ్చిన ఆ కూత మాత్రం లోకంలో ఎక్కడా లేదు. చూసినవాళ్ళ తలల్లో ఉంది, ఆ తలలూ ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. మాస్టారు మరుసటి వేసవిలో పోయారు. చివరిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఈల ఊది, గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టమని ఉంటే ఎంత బాగుండేది!

ఆ సాయంత్రం మా ఆఫీసుకు పదహారేళ్ళలో రానన్ని ఫోన్లు వచ్చాయి. గురజాల, మాచర్ల, వినుకొండ, అన్నిచోట్ల నుంచీ ఒకటే ప్రశ్న: "ఆ రెండు కుర్చీలోడి ప్రోగ్రాం చానా బాగుంది, మళ్ళీ ఎప్పుడేస్తారు?"

కనుక సకల ప్రేక్షకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకొకడి ఆట మీద నా మాట ఎక్కించను. ఎర్ర బొత్తాం కనిపిస్తే రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుంటాను. నా విజయ రహస్యం ఎవరు ఎంత బతిమాలి అడిగినా సరే, నోరు విప్పను. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి, ఆ మూడోది మాత్రం చెక్కుచెదరకుండా నిలబెట్టుకుంటున్నాను.