అక్క తగ్గిన పదకొండు కిలోలు

ఆస్పత్రి కింది అంతస్తులో బట్టలుతికే గది మాది. నేను దుప్పట్లు మడతపెడతాను, అక్క డాక్టర్ల కోట్లు ఇస్త్రీ చేస్తుంది. పంతొమ్మిదేళ్లుగా పక్కపక్క బల్లలు. నాకంటే నాలుగేళ్లు పెద్దది కాబట్టి అక్కా అంటాను. తొంభై రెండు కిలోల నిండైన మనిషి. మోకాళ్లు రెండూ మొరాయించాక డాక్టరు ఒకటే మాట చెప్పాడట: "పది కిలోలు తగ్గు, సగం నొప్పి దానంతటదే పోతుంది."

అక్క పొద్దున తిండి మానేసింది. మధ్యాహ్నం మంచినీళ్లతో నెట్టుకొచ్చి, నాలుగింటికి ఓ బిస్కెట్ల పొట్లం విప్పేది. సాయంత్రం ఇంటికెళ్లి, చెప్పులు కూడా విప్పకుండా, గిన్నె ముందు నిలబడే తినేసేది. "నా నోటికి అదుపు లేదే, సిగ్గులేని జన్మ" అని తనను తానే తిట్టుకునేది. నెల తిరిగేసరికి ఇంకో రెండు కిలోలు పెరిగింది.

ఆమెకు ఒక్కతే చెల్లెలు. తల్లి పోయాక జడలేసి, బడికి పంపి, అక్కే పెంచింది. ఆ పిల్ల ఇప్పుడు బజారులో క్రీములూ బలం మందులూ అమ్మే కొట్టు నడుపుతోంది. "ఆకలిని చంపేస్తాయక్కా" అని ఓ బిళ్లల డబ్బా చేతిలో పెట్టింది. అక్క మూడు రోజులు వేసుకుంది. ఆకలి చచ్చిన మాట నిజమే, దాంతోపాటు నిద్ర కూడా చచ్చింది. గుండె దడ, చేతుల వణుకు. నాలుగో రోజు ఓ కోటు జేబు మాడ్చేసింది. భయపడి పై అంతస్తు నర్సమ్మ దగ్గరికి వెళితే, ఆవిడ డబ్బా చూసి చెత్తబుట్టలో వేయించింది. ఆ సంగతి అక్క తన చెల్లెలికి చెప్పింది. నాకు మాత్రం అప్పుడు చెప్పలేదు. తిండి తగ్గించుకోలేక బిళ్లలు మింగానని చెప్పుకోవడం నామోషీ అనుకుంది.

నర్సమ్మే దారి చూపించింది. "ఆకలి నీ శత్రువు కాదమ్మా. పొద్దుటినుంచి దాని నోరు నొక్కితే సాయంత్రం అరవకేం చేస్తుంది? పొద్దున్నే కడుపుకి పెట్టు. తర్వాత ఎప్పుడు తినాలనిపించినా, ఉత్త ఉడికించిన గుడ్డిస్తే తింటానా అని నిన్ను నువ్వే అడుగు. తింటానంటే అది నిజమైన ఆకలి, కూర్చుని తిను. తీపి మాత్రమే కావాలంటే, నీకింకేదో కావాలన్నమాట. అదేంటో చూసుకో."

అక్క చూసుకుంది. రోజూ నాలుగింటికి బిస్కెట్ల పొట్లం విప్పేది కదా, అప్పుడు ఆమెకి కావాల్సింది బిస్కెట్టు కాదు, కుర్చీ! తెల్లారిందగ్గర్నుంచి నిలబడే ఉండేది మరి. సూపర్‌వైజర్‌తో పోట్లాడి మరీ కుర్చీ తెప్పించుకుంది. పొద్దున గుడ్లు, చిక్కుడు గింజలు తినొచ్చేది. ముద్ద ముద్దకీ ఆగి, చాలా, ఇంకా కావాలా అని కడుపునడిగేది. ఒక్కోరోజు తప్పేది, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేది. ఏడు నెలలకు పదకొండు కిలోలు తగ్గింది. పై అంతస్తు దాకా మెట్లు ఎక్కి దిగొచ్చి, ఆయాసం లేకుండా నవ్వింది.

"ఏం చేశావక్కా, చెప్పవా?" అన్నాను.

"ఏముందే, ఆకలి చెప్పేది వినడం నేర్చుకున్నా."

నాకు ఒళ్లు మండింది. ఇదేం జవాబు? అసలు కిటుకు దాస్తోందనుకున్నాను.

వారం తిరక్కుండానే బజారులో చెల్లెలి కొట్టు అద్దం మీద అక్క ఫొటో కనిపించింది. అప్పుడలా, ఇప్పుడిలా అని రెండు బొమ్మలు. కింద బిళ్లల పేరు. ఓహో, ఇదా సంగతి అనుకుని నేనూ ఒక డబ్బా కొన్నాను. అయిదో రోజు దుప్పట్ల గుట్ట మీద కళ్లు తిరిగి పడ్డాను.

తెలివొచ్చేసరికి అక్క నా తల ఒళ్లో పెట్టుకుని ఉంది. నా సంచిలోంచి దొర్లిన డబ్బా ఆమె చేతిలో ఉంది. "ఇదెవరిచ్చారే నీకు?"

"నువ్వే కదా," అన్నాను కోపంగా. "నాకు దాచి, బజారందరికీ చెప్పావు."

కొట్టు అద్దం మీద చూసింది చెప్పాను. ఆ ఫొటో సంగతే ఆమెకు తెలియదు. జరిగిందంతా అప్పుడు చెప్పింది.

మర్నాడు ఇద్దరం కొట్టుకి వెళ్లాం. చెల్లెలు నవ్వుతూ ఎదురొచ్చింది. "రా అక్కా! నీ ఫొటో ఎంత బాగొచ్చిందో చూశావా?"

"నేను మూడు రోజులకే ఆపేశానని నీకు తెలుసు."

"వేసుకున్నావనే రాశాను. వేసుకోలేదా? ఆపేశావని రాయలేదు, అంతే."

"ఈవిడ కళ్లు తిరిగి పడిపోయింది."

చెల్లెలు నా వైపు ఓ చూపు విసిరింది. "అందరికీ పడాలనేం లేదుగా. అయినా నీ మొహం చూస్తే జనం నమ్ముతారక్కా. అంత మంచి మొహం నాకింకెక్కడ దొరుకుతుంది?"

అక్క అద్దం దగ్గరికి నడిచింది. అద్దం మీది బొమ్మను గోళ్లతో గీకి, ముక్కముక్కలుగా ఊడదీసింది. లోపల కొంటున్నవాళ్లకి వినబడేలా, "ఆ బొమ్మలో ఉన్నది నేనే. ఈ బిళ్లలతో నేను ఒక్క కిలో కూడా తగ్గలేదు" అని చెప్పి బయటికొచ్చేసింది.

తర్వాత రోజు కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అంది: "నిన్న ఇంటికెళ్లి రొట్టె మొత్తం తినేశానే. ఆకలి కాదని తెలుసు. తెలిసీ తిన్నా."

"మరేం కావాల్సొచ్చింది?"

"మా చెల్లి. అది చిన్నప్పుడు ఎలా ఉండేదో, అలా."

చెల్లెలి కొట్టులో ఆ బిళ్లలు ఇంకా అమ్ముతూనే ఉన్నారు, వేరే ఎవరి బొమ్మతోనో. అక్క మూడు కిలోలు పెరిగి, మళ్లీ రెండు తగ్గింది. ఇప్పుడు నాలుగింటికి ఆ కుర్చీలో ఇద్దరం వంతులేసుకుని కూర్చుంటాం. చెల్లెలు ఫోన్ చేస్తే అక్క తీస్తుంది. ఒకప్పుడు గంటలకొద్దీ కబుర్లాడేది. ఇప్పుడు ఆ, ఊ అని, పనుంది ఉంటానని పెట్టేస్తుంది.