గీయని వంపు

మా ఊరి పొలాల పటంలో డొంకదారి వంపును నేను తీసేశాను. తెలిసే తీసేశాను. తరవాత నలుగురి ముందు కూర్చుని, ఆ వంపు అసలు కాగితంలోనే లేదని చెప్పాను. ఆ మాటతో ఆదెయ్య పొలానికి బండిదారి పోయింది. ఇది జరిగి పన్నెండేళ్ళు. భోజనానికి కూర్చున్నా, పనికి కూర్చున్నా ఈ బరువు నా పక్కనే కూర్చుంటోంది. నా పేరు ఇక్కడ రాయడం లేదు. చదివితే మా ఊరివాళ్ళు ఎలాగూ పోల్చుకుంటారు. మీకు నా పేరుతో పనిలేదు, విషయంతోనే పని.

నేను చదివింది ఐదో తరగతి. పర్చూరులో అచ్చాఫీసులో సీసపు అక్షరాలు పేరుస్తూ మిగతా చదువు చదువుకున్నాను. అక్షరాలు పోయి కంప్యూటర్లు వచ్చాక, నలభై అయిదేళ్ళ వయసులో, నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూటుకు వెళ్ళాను. పదో తరగతి సర్టిఫికెట్ ఉందా అని అడిగారు. అడిగినవాడు రాసిన తెలుగు అడ్మిషన్ ఫారంలో నాలుగు తప్పులు చూపించి వచ్చేశాను. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకం చదివి, బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరు నాకు నేనే నేర్చుకున్నాను. పెళ్ళికార్డులు, విత్తనాల కొట్ల కరపత్రాలు, ఫ్లెక్సీలు. ఊళ్ళో నన్ను ఐదో తరగతి ఇంజనీరు అనేవాళ్ళు. అందులో సగం వెక్కిరింత. నేను మాత్రం బిరుదులాగే తీసుకున్నాను.

అందుకే పంచాయతీవాళ్ళు ఆఫీసు గోడకు రంగుల్లో పొలాల పటం కావాలని నా దగ్గరికే వచ్చారు. పాత పటం గుడ్డ చిరిగిపోయింది. దాని జెరాక్సుకు జెరాక్సు నా చేతికిచ్చారు.

పొలం గీయడం తేలిక. ప్రతి మూలకూ మౌసుతో ఒక నొక్కు. నాలుగు మూలలో, ఐదు మూలలో, మళ్ళీ మొదటి చుక్క మీదికి వచ్చి నొక్కితే బొమ్మ మూసుకుంటుంది. మిరపకు ఎరుపు, పత్తికి తెలుపు, పొగాకుకు ఆకుపచ్చ నింపాను. మూడు వందల పైచిలుకు పొలాలు రెండు రోజుల్లో అయిపోయాయి. నన్ను చూసి నాకే ముచ్చటేసింది.

డొంక దగ్గర చెయ్యి ఆగింది. ఊరి నుంచి తిన్నగా వచ్చిన బండిదారి ఆదెయ్య పొలం దగ్గర పాతబావిని చుట్టి, అతను మిరపకాయలు ఎండబోసే కల్లం అంచుదాకా పోయి, మళ్ళీ దారిలో కలుస్తుంది. జెరాక్సులో ఆ గీత వెలిసిపోయి ఉంది, కానీ ఉంది. నేను చూశాను. కంప్యూటర్లో వంపు గీయాలంటే చుక్కకు రెండు పక్కలా మీసాల్లాంటి గీతలు వస్తాయి. మీసం లాగితే దారి వంగుతుంది. నేను లాగితే పాములా మెలికలు తిరిగింది. ఇంకో చుక్క పెట్టాను. ఇంకా మెలిక. ఇరవై చుక్కలు పెట్టాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే. మర్నాడు ఫైలు ఫ్లెక్సీ వేసేవాళ్ళకు పంపాలి. ఆ కొట్లో ఉన్నవాళ్ళను అడిగితే చిటికెలో చెప్పేవాళ్ళు. కానీ ఏమని అడగాలి? నాకు రాదనా? నేనా?

చుక్కలన్నీ తీసేసి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒక తిన్నని గీత లాగాను. వంపు ఉన్న జాగా పక్క రైతు చలమయ్య పొలంలో కలిసి ఎర్రగా నిండింది. గోడమీది బొమ్మే కదా, దీన్నెవరు కొలుస్తారు అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నానా, లేక ఇప్పుడు సర్దిచెప్పుకుంటున్నానా?

రంగుల్లో, నున్నగా, పంచాయతీ గోడమీద ఉన్నదాన్ని మావాళ్ళు ఎంత నమ్ముతారో నేను ఊహించలేదు. ఆ వేసవి దుక్కుల్లో చలమయ్య వంపును దున్నేసి తన పొలంలో కలుపుకున్నాడు. ఆదెయ్య పొలానికి బండి పోయే దారి ఆ వంపొక్కటే. అడిగితే గోడమీది పటం చూడమన్నాడు. తగువు పంచాయతీకి వచ్చింది. జెరాక్సు నా దగ్గరే ఉండిపోయింది, అది చూసింది నేనొక్కణ్ణే కాబట్టి పెద్దలు నన్ను పిలిపించారు.

ఆదెయ్య, నేను చిన్నప్పుడు ఒకే బండి మీద ఆ దారిన తిరిగినవాళ్ళం. అతను అరవలేదు.

"ఏరా, ఆ వంపు దగ్గర బండి దిగి ఎన్నిసార్లు నీళ్ళు తాగలేదు మనం? నువ్వే చెప్పు, కాయితంలో వంపు ఉందా లేదా?"

"లేదు. ఉన్నది ఉన్నట్టే గీశాను. కంప్యూటర్ దానంతటది వంపు తీసేయదు గదరా," అన్నాను.

ఎవరో నవ్వారు. "నువ్వు చూసి గీశావు గాబట్టి, లేదంటే లేదేమోలే," అన్నాడు ఆదెయ్య.

అంతే. నా మాట నమ్మాడు. వాడు నన్ను అబద్ధాలకోరు అని తిట్టి ఉంటే నేను ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ణి.

సర్వేకు అర్జీ పెట్టాడు. వంతు రాలేదు. ఆ ఏడు కోసిన కాయను తోలడానికి దారి లేక, కూలీలు తట్టల్లో గట్ల వెంట మోశారు. మోత సగంలో ఉండగా వాన పడింది. కల్లంలో మిగిలిన కాయంతా తాలైపోయింది. తెల్లబడిన కాయ ఎవరికి కావాలి? మరుసటి ఏడు పొలం చలమయ్యకే అమ్మేసి చిలకలూరిపేటలో నూలుమిల్లు గేటు దగ్గర కాపలాకు చేరాడు. దుక్కి దున్నిన మనిషి.

తరవాత మూడేళ్ళకు ఒక విత్తనాల సంచి మీదికి మిరపకాయ గీస్తున్నాను. వంగిన కాయ. ఎందుకో ఆ రోజు చెయ్యి తొందరపడలేదు. చుక్కలు తగ్గిస్తూ పోయాను. వంపు ఎక్కడ మొదలవుతుందో అక్కడొకటి, ఎక్కడ బాగా తిరుగుతుందో అక్కడొకటి, ఎక్కడ ఆగుతుందో అక్కడొకటి. మీసాలు గీత పోయే దిక్కుకే పట్టుకోవాలి. అలా పట్టేసరికి కాయ నున్నగా వచ్చేసింది. నేను మౌసు వదిలేశాను. ఆ డొంకకు కావలసింది మూడు చుక్కలు. మూడే.

అప్పుడైనా వెళ్ళి చెప్పవచ్చు. చెప్పలేదు. సర్టిఫికెట్ అడిగినవాళ్ళ మీద ఇన్నేళ్ళు కోపం మోశాను. వాళ్ళు నన్ను చదువురానివాడు అన్నారని. కానీ ఆదెయ్య ఏనాడూ అనలేదే? వాళ్ళ మీది రోషం వాడి పొలం మీద ఎందుకు తీర్చుకున్నాను? జవాబు వెతకడం కూడా మానేశాను.

పోయిన వేసవిలో పటం మళ్ళీ గీశాను, వంపుతో. దానితోపాటు రెండు పేజీల ఉత్తరం రాసి ఆదెయ్యకు పోస్టు చేశాను. జరిగిందంతా రాశాను. క్షమించమని మాత్రం అడగలేదు, అడిగే ముఖం లేదు. ఇరవై రోజులు ఏ కబురూ లేదు. అయినా, ఆ ఉత్తరం పెట్టెలో వేసిన రోజు అన్నం రుచి తెలిసింది నాకు. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగానే ఉంది.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఫోన్ చేశాడు. వెనకాల మిల్లు మోత వినిపిస్తోంది. బాగున్నావా అని అడగలేదు.

"రాదని ఒక్క ముక్క చెబితే పొయ్యేది గదరా. పుల్ల తీసుకుని నేనే నేల మీద గీసి చూపించేవాణ్ణి."