ఎదుటివాడి బొబ్బ మీద కన్ను

లోకంలో అందరికీ ఎదుటివాడి సుఖం చూస్తే కడుపుమంట. మా ఒడోరికోకి మాత్రం ఎదుటివాడి కష్టం చూస్తే కడుపుమంట. నాకు పన్నునొప్పి వచ్చి దవడ వాచిందంటే, సాయంత్రానికల్లా తనూ దవడకి గుడ్డ చుట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాడు. "నీది ఒక్క పన్నేగా! నాకు పై వరసంతా," అనేవాడు.

అలాంటివాణ్ని రోముకి కాలినడకన తీసుకెళ్లడం కన్నా బుద్ధితక్కువ పని ఉంటుందా? మా ఊరి ఫాదర్ ఫుల్వియో ఆ పనే చేశారు. లూకా పట్నం దగ్గర పాత యాత్రికుల బాట పట్టుకున్నాం. మొదటి రోజునుంచీ ఒడోరికో ఏడుపే ఏడుపు.

"నీ సంచి అంత బరువేంటి? అందరూ నిన్ను చూసి అయ్యో అంటున్నారు. ఇలా ఇవ్వు!"

సత్రంలో గురకపెట్టే జర్మనాయన పక్క మంచం నాకు వస్తే దానికీ పేచీయే. "జాలంతా నువ్వొక్కడివే కొట్టేద్దామనా? లే, లే."

ఇచ్చేశాను. పొద్దున్న సత్రం ఆవిడ అతని ఎర్రకళ్లు చూసి రొట్టెమీద తేనె రెండింతలు పోసింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది.

మాతోపాటు నివెస్ అనే ఆవిడ ఉంది. ఆమె భర్త ఓరెస్తే రోముకి నడిచొస్తానని మొక్కుకుని, కొత్త బూట్లు కొనుక్కుని, బయల్దేరకముందే పోయాడు. ఆ బూట్లు సంచిలో వేసుకుని ఆయన మొక్కు తను తీరుస్తోంది. రాడికోఫాని కొండెక్కుతుంటే ఆమె మోకాలు పట్టేసింది.

"ఇక నువ్వు మన వెనకొచ్చే సామాన్ల కారులో రావాలమ్మా," అన్నారు ఫాదర్.

"నేనెక్కుతాను ఫాదర్. బూట్లెలా ఎక్కుతాయి? కారులో వెళితే ఆయన మొక్కు తీరినట్టా?" అని నివెస్ రాయిమీద కూలబడి ఏడ్చింది.

అందరం ఆమె చుట్టూ చేరాం. ఒడోరికో మొహం మాడిపోయింది.

"పొద్దున్నుంచీ నివెస్ మోకాలు, నివెస్ మోకాలు! నా పాదాల సంగతి అడిగిన నాథుడు లేడు. పైగా ఆవిడకి రెండు జతలు, నాకు ఒక్కటా? ఇలా తే!"

ఓరెస్తే బూట్లు లాక్కుని తొడుక్కున్నాడు. ఓరెస్తేవి చిన్న పాదాలు. ఇతనివి చేటలు.

"ఒరేయ్, పట్టవురా!" అన్నాను.

"నీకు కుళ్లు," అన్నాడు పళ్లు బిగించి.

నివెస్ కారెక్కింది. అతను అక్కణ్నుంచి వాటిలోనే నడిచాడు. సత్రాల్లో యాత్రికుల కాళ్లు కడిగే ఆచారం ఉంటుంది. అంతకుముందు, పక్కవాడి కాళ్లు ఎక్కువసేపు కడిగారని గొడవపడ్డ మనిషి, ఇప్పుడు మేజోళ్లు విప్పనంటే విప్పనన్నాడు.

రోము కనిపించే కొండమీద నివెస్ మాకు ఎదురొచ్చింది. దుమ్ముకొట్టుకుపోయిన బూట్లు చూసి, వంగి ముట్టుకుంది.

"ఒడోరికో, బాగా నొప్పి పెట్టాయా?"

జన్మలో అతనికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. జాలిపడటానికి అందరం సిద్ధంగా నిలబడ్డాం.

"నొప్పా? అబ్బే! నాకోసమే కుట్టినట్టున్నాయి."

నివెస్ మొహం వెలిగిపోయింది. "అయితే నువ్వే ఉంచేసుకో. ఓరెస్తే సంతోషిస్తాడు."

ఒడోరికో కాలు మార్చి నిలబడ్డాడు. "మహా సంతోషం," అన్నాడు.

ఇప్పటికీ ఆదివారం పూజకి వాటిలోనే వస్తాడు. చర్చి మెట్లు నా భుజం పట్టుకుని, మూలుగుతూ ఎక్కుతాడు. నివెస్ వెనక్కి తిరిగిందంటే మాత్రం భుజం వదిలేసి, నిటారుగా నిలబడి నవ్వుతాడు.