కడిగిన విత్తనాలు

మా మేనత్త పోయిన వారానికి ఆమె అద్దెకున్న ఇంటి యజమాని కోడలు నాకు ఫోన్ చేసి, "డాబా మీద ఆంటీ డబ్బాలున్నాయి, తీసేయించమంటారా?" అని అడిగింది. "మొక్కలంటే ఆంటీకి ప్రాణం కదండీ" అని గొంతు కూడా కాస్త తగ్గించింది. మా అత్త వినుంటే నోరు కడుక్కోమనేది. ఆమెకు మొక్కలంటే ప్రాణం కాదు. కూరగాయలు కొనుక్కోవడమంటే పరువు తక్కువ. అంతే.

ముప్ఫై ఏళ్లు ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసింది. కిటికీ లేని గది, పొద్దస్తమానం ఆవిరి. సాయంత్రం మూడంతస్తులెక్కి డాబా మీది ఒంటిగదికి చేరేసరికి మోకాళ్లు ఆమెను తిట్టేవి, ఆమె మెట్లను తిట్టేది. చెప్పులు విప్పకుండానే డబ్బాల దగ్గరికి వెళ్లి వాటినీ తిట్టేది. "ఏమే, తిని కూర్చుంటావా? పూతేదీ?" అని వంగమొక్కను నిలదీయడం నా చెవులారా విన్నాను.

ఆ తోటలో కొన్న వస్తువు ఒక్కటీ లేదు. పెయింటర్లు పారేసిన రంగు డబ్బాలు, చెవులు ఊడిన హోటల్ బకెట్లు, చిరిగిన దిండు గలీబులు. ఎక్కడైనా పునాది తవ్వుతుంటే రోజూ టిఫిన్ సంచిలో నాలుగు గుప్పిళ్ల మట్టి. టీ కొట్టువాడు వడగట్టి పడేసిన పొడి. బియ్యం కడిగిన నీళ్లు వంగకు, చేపలు కడిగిన నీళ్లు మిరపకు, ఒళ్లు కడుక్కున్న నీళ్లు బంతికి, తినేది కాదు కనక. ఆ బంతిపూలు హోటల్ ముందుగదిలోని కూజాలోకి వెళ్లేవి, వాటికి బదులుగా పగిలిన బకెట్లు వచ్చేవి. పూలు అందంగా ఉన్నాయని ఆమె అనగా నేనెప్పుడూ వినలేదు.

డాబాలో మిగతా సగం కోడలుగారిది. అక్కడ నిగనిగలాడే కుండీలు, ఆకుపచ్చ వల, చుక్క చుక్క నీళ్లు కార్చే గొట్టాలు, ప్రతి మొక్కకూ పుల్లకు గుచ్చిన పేరు చీటీ.

"ఒరేయ్, చీటీలు చూశావా?" అనేది అత్త. "కాసేది ఎలాగూ లేదు, కనీసం ఏది కాయలేదో తెలియాలి కదా, అందుకు."

ఈ మొత్తంలో ఆమె నిజంగా పట్టించుకున్నది ఒక్క సొరపాదునే. పొట్టి సొర. రంగు డబ్బాలో గుప్పెడు మట్టి పోస్తే చాలు, కాసేది. వాళ్లమ్మ పెంచిన రకం. ఏటా విత్తనం తీసి, ఏటా పెట్టి, దాన్ని తెగిపోకుండా నడిపించింది. మొదటి మంచి కాయను కోయకుండా తీగకే వదిలేసేది. అది ముదిరి, పెంకు గట్టిపడి, ఊపితే గలగలమనేదాకా ఆగి అప్పుడు పగలగొట్టేది. సగం విత్తనాలు పెట్టడానికి, సగం దాచడానికి.

ఒక ఏడాది దాచిన సగాన్ని ఎలుకలు తిన్నాయి. పెట్టిన సగంలో ఎండలకు ఒక్క పాదే మిగిలింది. దానికి ఒక్క కాయే నిలిచింది. రోజూ పనికి పోయేముందు ఆ కాయను వేలితో తట్టి చూసేది.

అలాంటి రోజుల్లో కోడలుగారు తోటల మాస్టారుని పిలిపించింది. టోపీ, చేతికి తొడుగులు, ఎర్ర పిడి కత్తెర. ఇంటింటికీ తిరిగి మొక్కలతో ఎలా మెలగాలో చెప్పడం ఆయన వృత్తి. ఆ సాయంత్రం అత్త మెట్లెక్కేసరికి కోడలుగారు కాయ పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉంది.

"ఆంటీ, మీ పాదు కూడా చూడమన్నాను. ముదురుకాయ ఉంచితే తీగ బలమంతా అదే లాగేస్తుందట. మాస్టారే కోశారు. మీకేం ఖర్చు లేదులెండి!"

అత్త కాయ తీసుకుని గోరు దింపింది. కూరకు ముదురు, విత్తనానికి లేత. లోపల గింజలు పాలు కారుతున్నాయి.

"మీ మాస్టారు ఇంట్లో పిల్లలున్నారా అమ్మా?" అని అడిగింది.

"ఇద్దరనుకుంటానాంటీ. ఎందుకు?"

"ఎదుగుతున్నారేమో జాగ్రత్త. ఇంటి బలమంతా లాగేస్తారు."

ఆ తరవాత పాదు మళ్లీ పిందె వేయలేదు. అత్త నాకు కబురు పెట్టింది. అంతకు రెండేళ్ల ముందు క్యాలెండర్ కాగితంలో పొట్లం కట్టి నాకు పది విత్తనాలిచ్చింది, వానలు పడగానే పెట్టమని. లోకంలో ఆ సొరకు అవే ఆఖరు గింజలు.

"ఉన్నాయిగా?" అంది.

"ఉన్నాయత్తా" అన్నాను. అలవాటు కొద్దీ నోరు అనేసింది. ఆ పొట్లాన్ని నేను పెన్నుల డబ్బాలో పడేశాను. ఇల్లు మారినప్పుడు డబ్బాతో సహా పోయింది.

అంతకన్నా నీచమైన పని ఇంకొకటి చేశాను. దుకాణంలో సొర విత్తనాల పొట్లం కొన్నాను. వాటికి మందుతో పాటు గులాబీరంగు పూస్తారు. గిన్నెలో వేసి మూడు నీళ్లు మార్చి కడిగాను. ఫ్యాను కింద ఆరబెట్టాను. పాత క్యాలెండర్ చింపి, పాతదనం రావడానికి అరచేతుల మధ్య నలిపి, పొట్లం కట్టాను. చదువుకున్నవాడిని కదా, కాగితం దాకా ఆలోచించాను.

అత్త కళ్లజోడు పెట్టుకుని గింజల్ని అరచేతిలో పోసుకుంది. ఒకదాని అంచు గాటులో మిగిలిన రంగును గోటితో గీకి, వెలుతురుకేసి పట్టి చూసింది.

"కడిగావా?"

"ఏంటత్తా..."

"సబ్బుతోనా, ఊరికేనా అని అడుగుతున్నా."

"ఊరికే" అన్నాను.

"ముప్ఫై ఏళ్లు దుప్పట్ల మీద జనం దాచిన మరకలు చూసినదాన్నిరా. నాకా?" ఆమె నవ్వింది. ఆ నవ్వు కన్నా చెంపదెబ్బ నయం. "మరి నేనిచ్చినవి?"

"ఇల్లు మారినప్పుడు పోయాయి."

"పెట్టనేలేదా?"

"లేదు."

కళ్లజోడు తీసి మడిచింది. తరవాత మెల్లగా అంది: "ఆ టోపీవాడికి తెలీదు, కోశాడు. గాడిదకేం తెలుసు గంధం వాసన! నీకు తెలుసు కదరా. పోయాయని చెబితే ఒక పూట ఏడ్చేదాన్ని. కడిగి తెచ్చి, నాకు ఆ ఏడుపు కూడా లేకుండా చేద్దామనుకున్నావా?"

 

గింజల్ని పొట్లంలో పోసి నా చేతిలో పెట్టింది. "ఇవి కోడలమ్మకిచ్చిరా. చీటీ కూడా రాసుకుంటుంది." నేను ఇచ్చి వచ్చేసరికి ఆమె సొరపాదును మొదలంటా పీకేసి ఉంది. తీగ ఇంకా పచ్చిగానే ఉంది. నులితీగలు బట్టలారేసే వైర్లకు చుట్టుకుపోయి ఉంటే, వాటిని ఒక్కొక్కటే విప్పే పని నాకు చెప్పింది. తను బోర్లించిన బకెట్ మీద కూర్చుని, డబ్బాలో మట్టిని వేళ్లతో గుల్ల చేసి, తోటకూర విత్తనాలు చల్లింది.

"ఆ మూల ఇంకోటి వదిలేశావు" అంది.

విప్పాను.

ఆ తరవాత ఏడాదిన్నర బతికింది. సొర ఊసు ఎత్తలేదు. ఒకటి రెండుసార్లు నేనే ఎత్తబోతే, "తోటకూర కోసి ఉంచాను, పట్టుకెళ్లు" అనేది. పట్టుకెళ్లేవాణ్ణి.