రాయి కట్టిన కడుపు

ఆ వేసవి అంతా మా క్వార్టర్ వెనక దండెం మీద రోజూ ఏడెనిమిది చిన్న నిక్కర్లు ఆరేవి. మణుగూరు గాలిలో బొగ్గు దుమ్ము ఉంటుంది కాబట్టి ఎంత ఉతికినా బూడిద రంగు వదిలేది కాదు. పక్క క్వార్టర్ ఆవిడ ఒకరోజు గోడ మీదుగా చూసి, మీ ఇంట్లో ఎంతమంది పిల్లలండీ అని నవ్వుతూ అడిగింది. ఒక్కడే అన్నాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

బాబుకు అప్పటికి నాలుగేళ్లు. రోజుకు ఐదారు సార్లు నిక్కరులో మరక పడేది. పల్చగా, భరించలేని వాసనతో. అయినట్టు వాడికే తెలిసేది కాదు. ఆడుకుంటూ ఆడుకుంటూ నా ముఖం వంక చూసేవాడు. నేను ముక్కు ఎగబీల్చానంటే గోడకు వీపు ఆనించి నిలబడిపోయేవాడు. జూన్‌లో బడిలో చేర్చాలి. ఫారం ఇస్తూ టీచరమ్మ, పిల్లవాడు దొడ్డికొస్తే చెప్పుకోగలడా అని అడిగింది. చెప్పగలడని అబద్ధమాడాను.

కానీ నా భయం బడి గురించి కాదు. వాడికి విరేచనాలు పట్టుకున్నాయని, వాడూ పోతాడని.

వాడికంటే ముందు నాకు ఒక ఆడపిల్ల. కల్లూరులో అత్తగారింట్లో ఉన్నప్పుడు పుట్టింది. ఏడాదిన్నర పిల్లను తీసుకుని అందరం పర్ణశాల వెళ్లాం. అక్కడ రేవులో దోసిలితో నీళ్లు తీసి పిల్ల నోట్లో పోసింది నేనే. ఇంటికి వచ్చిన మర్నాడు మొదలైంది. పిల్ల నీళ్లు, నీళ్లు అని నాలుక చప్పరించేది. దానికి వచ్చిన నాలుగైదు మాటల్లో అది ఒకటి. అత్తమ్మ మంచి మనిషి, నన్ను ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. ఆ రోజు నా చేతిలో గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది.

"కడుపంతా నీళ్లయి పోతుంటే మళ్ల నీళ్లు పోస్తే ఆగుద్దా అమ్మా? పెదాలు తడుపు, చాలు."

పెదాలు తడిపాను. ఖమ్మంలో బీయస్సీ చదివినదాన్ని. కప్పను కోసి పేగును సూదులతో పరిచి, దాని భాగాలకు పేర్లు రాసినదాన్ని. రికార్డు పుస్తకంలో నేను వేసిన జీర్ణకోశం బొమ్మను మేడమ్ అందరికీ చూపించింది. ఆ చదువేదీ ఆ పూట నా నోటికి రాలేదు. మూడో రోజు పొద్దున పిల్ల పోయింది.

తరవాత ఆయనకు గనిలో ఉద్యోగం వచ్చి మణుగూరు వచ్చాం. బాబు ఇక్కడే పుట్టాడు. చుట్టూ అడవి, వాగులు, దోమలు. వాడి ఒంట్లోకి బయటిది ఏదీ పోకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను. బొగ్గుల పొయ్యి మీద నీళ్లు సలసలా మరగకాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి, వాడికంటూ ఒక స్టీలు చెంబులో పోసేదాన్ని. ఆ చెంబులో నీళ్లు అయిపోతే మళ్లీ కాచి చల్లారేదాకా వాడు ఆగాల్సిందే. మే నెలలో కూడా. ఆకుకూరలో పురుగు గుడ్లు ఉంటాయని మానేశాను. జామపండు గింజలు పడవని మానేశాను. మజ్జిగలో పచ్చినీళ్లు కలుస్తాయని అదీ లేదు. పాలు, మెత్తగా ఉడికిన సన్నబియ్యం అన్నం, పప్పు కట్టు, బిస్కెట్లు. వాడు బొద్దుగా, తెల్లగా ఉండేవాడు. కాలనీలో అందరూ ఎత్తుకుని ముద్దు చేసేవాళ్లు.

రెండేళ్లు దాటేసరికి నాలుగు రోజులకొకసారి గాని దొడ్డికి పోయేవాడు కాదు. పోయినప్పుడు కేకలు. అత్తమ్మ వచ్చినప్పుడల్లా ఆముదం తాగించేది. నేను కాళ్లు పట్టుకునేదాన్ని, ఆమె ముక్కు మూసేది. ఆమె లేనప్పుడు నేను సబ్బు ముక్కను సన్నగా చెక్కి పెట్టేదాన్ని. ఆ మంటకు గిలగిల కొట్టుకునేవాడు, ఆ తరవాత రెండు రోజులు నా దగ్గరికి వచ్చేవాడు కాదు. పెరట్లో కూర్చోవడం అలవాటైన వాణ్ని, ఈగలు వాలతాయని మూడో ఏట లెట్రిన్‌లోకి మార్చాను. చీకటి గది, పెద్ద బేసిన్, బయట గొళ్లెం పట్టుకుని నేను. అయ్యిందా, అయ్యిందా అని అడుగుతూ.

తలుపు చాటుకు పోయి, మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు పెనవేసి, ముఖం ఎర్రగా చేసుకుని చెమటలు కక్కేవాడు. పాపం, పోవడానికి అవస్థ పడుతున్నాడు అనుకునేదాన్ని. వాడు అవస్థ పడుతున్నది పోకుండా ఆపుకోవడానికి. ఈ ఒక్క ముక్క అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ఆ వేసవిలో నిక్కర్లు పాడవడం మొదలయ్యేసరికి మొదట నాకు కొంచెం ఊరట కలిగిందని చెప్పాలి. మలబద్ధకం వదిలింది కదా అనుకున్నాను. నాలుగు రోజులకే ఆ ఊరట పోయి పాత భయం పట్టుకుంది. పాలు మానేశాను. సగ్గుబియ్యం, అరటికాయ, కాల్చిన రొట్టె. కడుపు కట్టేవన్నీ వెతికి వెతికి పెట్టాను. ఒక మధ్యాహ్నం వాడు చెంబు దగ్గరికి పోయి మూత తీశాడు.

"తాగకు," అన్నాను. "కడుపు నీళ్లవుతుంటే మళ్లీ నీళ్లా?"

అత్తమ్మ అప్పుడు కల్లూరులో ఉంది. ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. వాడు మూత మళ్లీ జాగ్రత్తగా పెట్టాడు.

అడవి పల్లె నుంచి ఒక పెద్దామె వారానికి రెండుసార్లు కాలనీకి వచ్చేది. చీపుర్లు, చింతపండు, వానాకాలంలో అడవి కూరలు. గుమ్మం దగ్గర గంప దించి, కాస్త నీడకు కూర్చుని పోయేది. కాలనీ ఆడవాళ్లందరినీ ఏకవచనంలోనే పిలిచేది, ఎవరూ తప్పుగా తీసుకునేవాళ్లు కాదు. బాబు ఆమె గంప చుట్టూ తిరిగేవాడు. తునికి పండు ఇవ్వబోతే నేను వద్దన్నాను. కడుపు బాగాలేదని చెప్పాను. ఆమె వాణ్ని దగ్గరికి లాక్కుని చొక్కా ఎత్తి పొట్ట మీద అరచెయ్యి ఆనించింది. అక్కడా ఇక్కడా నొక్కింది.

"లోపట రాయి తీరుగున్నది. జారుతున్నదని ఎవరు చెప్పిన్రు నీకు?"

నిక్కర్లు చూపించాను.

"బండ కింద నుంచి ఊట రాదా, గట్ల," అంది. తరవాత మా వంటింటి వైపు మెడ సాచి చూసింది. "తెల్ల బువ్వ, తెల్ల పాలు, తెల్ల బిస్కెట్టు. కడుపుల సున్నం కొడుతున్నవా ఏంది, బిడ్డా?"

నాకు కోపం వచ్చింది. చీపురు కూడా తీసుకోకుండా లోపలికి వచ్చేశాను. చదువు లేని మనిషి, చేతులైనా కడుక్కోకుండా నా పిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేసిందని, వాడికి వెంటనే స్నానం చేయించాను. ఆ సాయంత్రమే కొత్తగా ఉతికిన దుప్పటి మీద మరక చేశాడు. కొట్టాను. తొడ మీద నా వేళ్లు అచ్చు పడ్డాయి. వాడు ఏడవలేదు. చెయ్యి వెనక్కి పెట్టి నిక్కరు పట్టుకుని నిలబడ్డాడు, ఇంకా ఏమైనా జారుతుందేమో అన్నట్టు.

మరో మూడు వారాలకు వాడు తిన్నదంతా కక్కడం మొదలుపెట్టాక గాని కాలనీ దవాఖానాకు తీసుకుపోలేదు. అంతకుముందు ఆయన రెండుసార్లు పోదాం అన్నారు. నేనే, ఆ వరండాలో రోగాలన్నీ ఉంటాయని ఆపాను. లేడీ డాక్టరు గోదావరి అవతల జిల్లా మనిషి, మెల్లగా మాట్లాడుతుంది. వాణ్ని పడుకోబెట్టి ఆ పెద్దామె నొక్కిన చోటే నొక్కింది.

"విరేచనాలు కావమ్మా ఇవి. గట్టిపడి పేరుకుపోయింది. దాని పక్కనుంచి పల్చటిది కారుతోంది, అందుకే వాడికి తెలియడం లేదు. నీళ్లు సరిగా తాగుతున్నాడా?"

నేను వాడి చొక్కా కిందికి లాగాను. ఏం చదువుకున్నారని అడిగింది. బీయస్సీ అన్నాను. ఆమె తల ఆడించి చీటీ రాయడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది.

రెండు రోజులు ఎనిమా ఇచ్చి కడుపు ఖాళీ చేశారు. ఆ రెండు రోజుల గురించి రాయలేను. నేను మళ్లీ వాడి కాళ్లు పట్టుకున్నాను, అంతే. అంతా అయ్యాక డాక్టరు చెప్పింది: పేగు సాగిపోయింది, బిగువు పోయింది. మందు కొన్నాళ్లు ఇవ్వాలి గాని మందుతోనే నయం కాదు. జొన్న జావ, ఆకుకూర, మజ్జిగ, జామపండు, అడిగినప్పుడల్లా నీళ్లు. అన్నం తిన్నాక కాసేపు గొంతుక్కూర్చోనివ్వాలి. గొళ్లెం పెట్టకూడదు, అడగకూడదు, కొట్టకూడదు. ఆముదం, సబ్బు ఇంకెప్పుడూ వద్దు. ఎన్నాళ్లు అని అడిగాను. నెలలు, ఏడాది కూడా పట్టవచ్చు అంది.

బడి ఆ ఏడు లేదు. ఫారం పెట్టెలో పెట్టేశాను.

జొన్నలు అడగడానికి ఆ పెద్దామె కోసమే గుమ్మంలో ఎదురుచూశాను. రెండు వారాలు రాలేదు. వచ్చాక ఏమీ జరగనట్టే గంప దించింది. జొన్నలు కావాలన్నాను. మర్నాడు తెచ్చింది. విసిరించుకొచ్చి జావ కాచాను. బాబు ఒక గుటక తాగి ఉమ్మేశాడు. తెల్లగా లేదు అన్నాడు. మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్క నంజుకోనిచ్చి అలవాటు చేయడానికి నెల పట్టింది. తోటకూర నమలడం వాడికి రాదు. నాలుగేళ్లొచ్చిన పిల్లవాడు పీచు నమలలేక బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. మూడు రోజులు బాగుండేది, నాలుగో రోజు మళ్లీ తలుపు చాటున మునివేళ్ల మీద నిలబడేవాడు. నేను అడగకూడదు కాబట్టి అడిగేదాన్ని కాదు. దూరంగా కూర్చుని వాడి పాదాల వంక చూసేదాన్ని.

ఒకరోజు అలా చూస్తుండగా పెద్దామె నన్ను చూసింది.

"నువ్వు లోపటికి పో," అంది. "నీ మొఖం జూస్తేనే పిల్లగాడు బిగుసుకపోతున్నడు."

పోయాను. వంటింటి కిటికీలోంచి కనబడుతూనే ఉంది. ఆమె చింతపండులో గింజలు ఏరుతూ తనలో తాను వాళ్ల భాషలో ఏదో పాడుకుంటోంది. బాబు కాసేపు తలుపు పట్టుకుని ఊగాడు. తరవాత పెరటి గోడ వారగా పోయి, నిక్కరు విప్పి కూర్చున్నాడు. కేక లేదు. మట్టిలో పుల్లతో గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆమె వాడి వైపు తల తిప్పి కూడా చూడలేదు. అయిపోయాక చెంబుతో నీళ్లు పోసి కడిగింది. పచ్చి నీళ్లు, వాగు నీళ్లలాంటి నీళ్లు. నేను కిటికీ ఊచ పట్టుకుని నిలబడ్డాను.

సంతోషించాల్సిన రోజు. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. జావ కాచగలను, ఆకుకూర తరగగలను, బియ్యం మార్చగలను. నా ముఖాన్ని ఏం చేయాలో డాక్టరు చీటీలో లేదు.

ఇప్పుడు వాడికి ఐదేళ్లు దాటాయి. దండెం మీద నిక్కర్లు రెండో మూడో ఉంటున్నాయి. కొన్ని వారాలు అవీ ఉండవు, తరవాత మళ్లీ ఎక్కువవుతాయి. ఈ జూన్‌కు బడి అంటున్నారు ఆయన. ఫారం ఇంకా పెట్టెలోనే ఉంది. వాడు పడుకున్నాక ఇది రాస్తున్నాను, పగలు రాస్తే ఏం రాస్తున్నావని అడుగుతాడు.

స్టీలు చెంబు తీసేశాను. కుండ వాడికి అందేలా కింద ముక్కాలి పీట మీద పెట్టి, పక్కన గ్లాసు బోర్లించాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు తాగమని ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. ఈ రోజు మధ్యాహ్నం కూడా ఎండలో ఆడి వచ్చి, పెదాలు ఎండిపోయి, గ్లాసు నిండా ముంచుకున్నాడు. ముంచుకుని తాగకుండా నిలబడ్డాడు.

"అమ్మా, తాగొచ్చా?"

తాగు నాన్నా అన్నాను. అయినా నా కళ్లలోకి చూస్తూ ఒక గుక్క తాగి ఆగాడు. ఇంకొక గుక్క తాగడానికి మళ్లీ చూశాడు.